అందరూ ఎదురుచూసిన మిస్డ్ కాల్

నారాయణగూడ చౌరస్తాకు దగ్గర్లో ఒక మిఠాయి దుకాణం ఉంది. దాని అద్దాల తలుపుకు రెండువైపులా 'లాగండి' అనే అంటించి ఉంటుంది. బయట నుంచి నేను లాగుతాను. లోపలి నుంచి చేతిలో పొట్లంతో ఒక పెద్దమనిషి లాగుతాడు. తలుపు మా ఇద్దరినీ సమానంగా గౌరవించి ఎటూ కదలదు. అద్దంలోంచి ఒకరినొకరం చూసుకుని మర్యాదగా నవ్వుకుంటాం. ఆయన జిలేబీ చల్లారుతుంది. నా ఆకలి వేడెక్కుతుంది.

ఒకసారి యజమానితో చెప్పాను కూడా. "అన్నా, ఒక దిక్కు తోయండి అని ఉండాలె గదా?"

"స్టిక్కర్లు రెండూ ఒక్కతీర్గనే వచ్చినయ్ సార్," అన్నాడాయన. "జనం అలవాటు పడ్డరు. మీరు గూడ పడుండ్రి."

పడలేకపోయాను. మిఠాయి దుకాణాల మీద నాకేమీ పగ లేదు. కానీ ఆ తలుపు ముందు నిలబడిన ప్రతిసారీ నాకు చిక్కడపల్లిలో జరిగిన ఒక పెళ్లి గుర్తొచ్చి ముచ్చెమటలు పోస్తాయి. ఆ పెళ్లిలో ఏ గొడవా రాకుండా చూడటానికి నేను తర్కశాస్త్రాన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. వాన వస్తుందని గొడుగు తెచ్చినవాణ్ని మెచ్చుకుంటారు. వానను గొడుగులో మూటగట్టి తెచ్చి మండపంలో విప్పినవాణ్ని ఏమంటారో మీరే ఆలోచించుకోండి. నన్ను అన్నవన్నీ ఇక్కడ రాయలేను, ఇది అచ్చులో వస్తుంది.

అవి రెండు వేల పన్నెండు ప్రాంతపు రోజులు. అడిక్‌మెట్ పక్కనున్న క్యాంపస్‌లో నేను కంప్యూటర్ సైన్స్‌లో పరిశోధన చేస్తున్నాను. చేస్తున్నాను అంటే, మధ్యాహ్నం పూట అశోక్‌నగర్ లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చుని పైకప్పు చూస్తున్నాను. చుట్టూ గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు పెదవులు మాత్రమే కదుపుతూ దేశంలోని నదులన్నీ వల్లె వేసుకునేవాళ్లు. పాత ఫ్యాను ఒక్కొక్క రెక్కనే లెక్కపెట్టుకుంటూ తిరిగేది. కిటికీలో పావురాలు. ఆ మగత వెలుగులో నా ముందు తెరుచుకుని ఉండే కాగితాలు మాత్రం నాకు ఏ నిద్రలోనూ రానంత అందమైన కలలు చూపించేవి.

ఆ కల ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, పారిపోకండి. ఒకేసారి నడిచే రెండు ప్రోగ్రాములు ఉన్నాయనుకోండి. ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. వాటి మధ్య ఒక తీగ. ఆ తీగకు రెండే కొసలు. ఒక కొస మీద 'ముందు పంపు, తర్వాత తీసుకో' అని ఒప్పందం ఉంటే, రెండో కొస మీద 'ముందు తీసుకో, తర్వాత పంపు' అని ఉండి తీరాలి. అద్దంలో బొమ్మలాగా, తిరగేసి. ఈ ఒప్పందాన్ని మా భాషలో టైపు అంటారు. వింత ఏమిటంటే, ఆ ఒప్పందం అచ్చం ఒక తర్కసూత్రం. ప్రోగ్రాము దానికి రుజువు. సరిగ్గా తిరగేసిన రెండు రుజువులను కొసాకొసా కలిపి కుట్టేస్తే వాటి సంభాషణ ఎక్కడా చిక్కుపడకుండా చివరిదాకా సాగిపోతుంది. ఇద్దరూ ఒకేసారి అరవరు. ఇద్దరూ ఒకేసారి నోరుమూసుకుని ఎదుటివాడి కోసం కూర్చోరు.

ఆ తర్కంలో ఇంకో మురిపెం కూడా ఉంది. మామూలు తర్కంలో ఒక నిజం తెలిస్తే దాన్ని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. ఇందులో అలా కాదు. వాడితే అయిపోతుంది. నిజం కూడా లడ్డూలాంటిదే. తిన్నాక ప్లేటు ఖాళీ. ఆ వాక్యం అర్థమైన రోజు నేను లైబ్రరీ నుంచి ఇంటిదాకా బస్సులకు దారిస్తూ, మనుషులకు నవ్వుతూ, నేలకు ఆనీ ఆననట్టు నడిచాను. ఆ తేలుడు చూసి మా పెద్దమ్మ నాకు దిష్టి తీసింది.

మా గైడ్ మేడం మాత్రం నేలమీదే ఉండేవారు. నా రుజువు చదివి, కళ్లజోడు తీసి, "రుజువు బాగుంది శేఖర్. ఎక్కడన్నా నడిచి చూపెట్టిందా? ఒక ఉదాహరణ తీస్కరా," అన్నారు.

ఉదాహరణ నా ఇంట్లోనే తయారవుతోంది.

నేను ఉండేది చిక్కడపల్లిలో మా పెద్దనాన్న ఇంట్లో. ఆయన కూతురు సునీతక్కకు కవాడిగూడ శ్రీకాంత్‌తో సంబంధం కుదిరింది. పిల్లా పిల్లవాడూ బాగానే ఉన్నారు. బాగా లేనిది ఇద్దరు పెద్దల మధ్య ఫోను. ఈవైపు మా పెద్దనాన్న. ఆవైపు శ్రీకాంత్ మేనమామ విఠల్‌రావు గారు, మగపెళ్లివారి తరఫున మాటలన్నీ ఆయనవే. ఇద్దరూ మంచివాళ్లే. కాకపోతే ఇద్దరికీ ఎదుటివాడు మాట్లాడుతుంటేనే తామూ మాట్లాడాలనిపిస్తుంది. పెళ్లి భోజనంలో డబుల్ కా మీఠా పెట్టాలా, ఖుర్బానీ కా మీఠా పెట్టాలా అనే చర్చలో మా పెద్దనాన్న "రెండు దేనికండీ" అన్నాడు. అదే క్షణంలో విఠల్‌రావు గారు ఇంకేదో అంటున్నారు కాబట్టి ఆయనకు "మీరు దేనికండీ" అని వినబడింది. ఆ ఒక్క మాట పట్టుకుని సంబంధం వారం రోజులు చివరి మెట్టు మీద ఊగింది. మా పెద్దమ్మ దేవుడికి, అక్క దిండుకు చెప్పుకుని ఏడ్చారు. చివరికి రెండు మిఠాయిలూ పెట్టేట్టు, పెళ్లిదాకా ఇద్దరు పెద్దలూ ఫోన్‌లో మాట్లాడుకోకుండా ఉండేట్టు రాజీ కుదిరింది. ఇంకొక్క మాట తేడా వస్తే ఈ పెళ్లి లేదని ఇద్దరూ, విడివిడిగా, ఎవరి వరండాలో వాళ్లు ప్రకటించారు.

మీరైతే ఏం చేసేవారు? ఊరుకునేవారు. నేను రాత్రంతా నవ్వుతూ పడుకున్నాను. ఒకేసారి నడిచే రెండు ప్రోగ్రాములు! మధ్యలో చెడిపోయిన తీగ! మేడం, ఉదాహరణ దొరికింది!

తెల్లారగానే మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న సునీతక్క దగ్గరికి వెళ్లాను.

"అక్కా, నీ పెళ్లి నేను కాపాడ్త."

"దేని నుంచి?"

"మాటల నుంచి."

క్లిప్పు నోట్లో పెట్టుకుని నా వైపు చూసింది. "పొద్దున్నే ఏంది రా నీ లొల్లి?"

"ఎదురుకోలు రోజే అసలు పరేషాన్. అవునా? వాళ్లు నారాయణగూడ విడిదిల తయారైతరు. మనం చిక్కడపల్లి హాల్ల. వాళ్లు తయారైనట్టు మనకు తెల్వాలె, మనం బాజాలు పట్కొని ఎదురుపోవాలె. అప్పుడు పెద్దనాన్న ఫోన్ చేసిండనుకో, విఠల్‌రావు గారు ఎత్తిండనుకో..."

అక్క క్లిప్పు తీసింది. ముఖంలో భయం నిజంగానే కనిపించింది. "అయితే?"

"మాటలే వద్దు. మిస్డ్ కాల్. ఒక్క రింగు, కట్. మాట లేదు కాబట్టి మాటపట్టింపు లేదు. వాళ్లు తయారైనంక వాళ్లిస్తరు, మనం తీస్కుంటం. వాళ్లది ఇచ్చుడు, మనది తీస్కునుడు. ఒకటి తిరగేస్తే ఇంకోటి. నేను రుజువు చేసిన. ఎక్కడా ఆగదు."

"రుజువు అంటే?"

"పదకొండు పేజీలు."

అక్క ఒక తడి చీర నా భుజం మీద వేసి, "ఇది ఆరేసి చెప్పు," అంది. ఒప్పుకున్నట్టే అని నేను అనుకున్నాను. ఒప్పుకోలేదని ఆమె ఇప్పటికీ అంటుంది.

ఎదురుకోలు సంగతి తెలియనివారికి ఒక్క మాట. మగపెళ్లివారు మండపానికి వాళ్లంతట వాళ్లు నడిచి రారు. ఆడపెళ్లివారే బాజాలతో, దండలతో, పానకం బిందెతో ఎదురు వెళ్లి, మర్యాద చేసి తీసుకురావాలి. ఆ మర్యాద జరిగేదాకా పెళ్లికొడుకు కదిలితే వాళ్ల పరువు పోతుంది. వాళ్లు సిద్ధం కాకముందే మనం వెళ్లి గుమ్మం ముందు నిలబడితే మన పరువు పోతుంది. మొత్తం మీద అది రెండు పరువుల మధ్య తీగ. మన పెద్దవాళ్లు మా శాస్త్రం పుట్టకముందే మా శాస్త్రానికి కావలసిన చిక్కు తయారుచేసి ఉంచారు.

పెళ్లి రోజు వచ్చింది. ఉదయపు ముహూర్తం. పదకొండు దాటితే వర్జ్యమని పంతులుగారు ముందే హెచ్చరించారు. నేను కొత్త కుర్తా తొడుక్కుని, పొద్దున్నే హాలు మెట్ల మీద కూర్చుని, పెద్దనాన్నకు, విఠల్‌రావు గారికి మిస్డ్ కాల్ సూచన మెసేజ్‌లో పంపాను. అప్పట్లో మనమంతా తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కుక్కి పంపేవాళ్లం కదా. దాన్ని తెలుగులోకి విప్పితే ఇలా ఉంటుంది:

'తయారు కాగానే మిస్డ్ కాల్. మిస్డ్ కాల్ తర్వాతే కదలాలి. అప్పటిదాకా ఈ రెండు ఫోన్లు ఎవరూ వాడొద్దు. లైన్ ఖాళీగా ఉండాలి.'

ఎంత క్లుప్తం! ఎంత కచ్చితం! ఒక్కసారి రాసి, ఇద్దరి పేర్లూ ఎంచుకుని, ఒక్క మీట నొక్కాను. రెండుచోట్లకు ఒకేసారి వెళ్లింది. ఈ చివరి రెండు వాక్యాలను మీరు ఇంకోసారి చదవొచ్చు. నేను చదవలేను.

తర్వాత నాకు చాలా హాయిగా గడిచింది.

నిజం చెప్తున్నాను, నా జీవితంలో అంత ప్రశాంతమైన ఉదయం ఇంకొకటి లేదు. గల్లీలోకి ఎండ పసుపు నీళ్లలా మెల్లగా పారుతోంది. వంటశాల నుంచి వేగిన ఉల్లిపాయ వాసన, లోపలి నుంచి మల్లెల వాసన మెట్ల దగ్గర కలుసుకుని నా చుట్టూ తిరుగుతున్నాయి. బ్యాండువాళ్లు ఎర్ర కోట్లలో నిలబడి, ఎవరికీ వినిపించాలన్న పట్టుదల లేకుండా ఒక పాట వాయిస్తున్నారు. పానకం బిందె మీద ఒక తేనెటీగ తీరిగ్గా ప్రదక్షిణ చేస్తోంది. దండలు పట్టుకున్న మా బంధువులు దండలతోనే గోడకు ఒరిగి కునుకు తీస్తున్నారు. నారాయణగూడలో ఒక కొస. చిక్కడపల్లిలో ఒక కొస. మధ్యలో, కంటికి కనిపించని వెండి తీగ. దాని మీదుగా కాసేపట్లో ఒక చిన్న గంట మోగుతుంది. నా పదకొండు పేజీలు ఊపిరి పీల్చుకుని లేచి నడుస్తాయి.

బ్యాండు మాస్టరు వచ్చాడు. "సార్, గీ పాటనే ఎంతసేపు కొట్టాలె? మా క్లారినెట్ ఆయనకు నిద్రొస్తున్నది."

"ఇంకొక్కసారి కొట్టుండ్రి అన్నా. సిగ్నల్ రావాలె."

"ట్రాఫిక్ సిగ్నలా?"

"దానికన్న గొప్పది."

పెద్దనాన్న పట్టుబట్ట చెంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. ఫోను రెండు చేతుల మధ్య తీర్థంలాగా పట్టుకున్నాడు. "రాలే."

"వస్తది పెద్దనాన్నా."

"నేనే ఒక్కసారి చేస్త."

"వద్దు! లైన్ ఖాళీ ఉండాలె."

"ఖాళీనే ఉంది గదరా. పొద్దుగాల నుంచి ఖాళీనే ఉంది."

"అదే మంచిది."

ఆయన నమ్మాడు. చదువుకున్నవాళ్లను నమ్మడం ఆయనకున్న ఏకైక చెడ్డ అలవాటు. అయినా మనసు ఊరుకోదు కదా. మెల్లగా గొణుగుడు మొదలైంది. "కావాలెనే సతాయిస్తున్నరు. మీఠా సంగతి మనసుల పెట్టుకున్నరు. తయారై కూసోని గూడ కొడ్తలేరు. మనం కాళ్లు పట్టుకోవాల్నని చూస్తున్నరు."

ఆవైపు జరిగింది తర్వాత శ్రీకాంత్ బావ చెప్పాడు. విడిదిలో అందరూ ఎప్పుడో తయారయ్యారు. పెళ్లికొడుకు బాసికం కట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. విఠల్‌రావు గారు ఫోను ఎదురుగా టీపాయ్ మీద పెట్టుకుని దానికేసి చూస్తున్నారు.

"మామా, మనమే కొట్టాలేమో," అన్నాడట బావ.

"మనమెట్ల కొడ్తం? 'తయారు కాగానే' అని ఉంది. ఎవరు తయారు కావాలె? బాజాలు వాళ్లయి, దండలు వాళ్లయి. వాళ్లు తయారై మనకు కొట్టాలె. మొగపెళ్లోల్లం మనం. 'మేం తయారైనం, జర వచ్చి తోల్కపోండ్రి' అని మనమే అడుక్కోవాల్నా?"

తర్కంలో ఎక్కడా తప్పు లేదు. నేను పరీక్ష పెడితే నూటికి నూరు వేసేవాణ్ని.

కాసేపయ్యాక ఆయన కూడా గొణగడం మొదలుపెట్టారట. "వాళ్లకు ఇష్టం లేదు. అందుకే పిలుస్తలేరు. ఆ రోజే అన్నడు గదా, 'మీరు దేనికండీ' అని. నోటికొచ్చింది గాదు, మనసులకెళ్లి వచ్చింది." ఇంకాసేపటికి ఆయన బూట్లు విప్పేశారు. బూట్లు విప్పిన మేనమామను మళ్లీ తొడుక్కునేలా చేయడం ఎంత కష్టమో పెళ్లిళ్లు చేసినవాళ్లకు తెలుసు.

ఇదంతా నాకేం తెలుసు? నేను మెట్ల మీద వెండి తీగ చూస్తున్నాను. పాట మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు పైనుంచి కబురు వచ్చింది, పెళ్లికూతురు పిలుస్తోందని.

సునీతక్క అద్దం ముందు కూర్చుని ఉంది. పూలజడ సగమే అయింది. మిగతా సగం ఒళ్లో గంపలో ఉంది.

"ఏమైతున్నది రా కింద?"

"అంతా సేఫ్ అక్కా."

"సేఫ్ అంటే?"

"సేఫ్ అంటే, తప్పు ఏదీ జరగది."

"తప్పు సంగతి సరే. అసలు ఏదన్న జరుగుతున్నదా?"

ఒక్క క్షణం ఆలోచించాను. "లేదు."

ఆ 'లేదు' నా నోట్లోంచి బయటికి వచ్చి, గదిలో ఒక చుట్టు తిరిగి, మళ్లీ నా చెవిలోకే వచ్చింది. కల చెదరలేదు కానీ దాని అంచు కొంచెం మడతపడింది.

"టైమ్ ఎంతయింది చూసినవా? పది దాటింది. పంతులుగారు రెండుసార్లు వచ్చిపోయిండు," అంది అక్క. "శేఖర్, ఈ ముహూర్తం తప్పిందనుకో, వాళ్లు వాళ్లింటికి, మనం మనింటికి. నాన్న ఎట్లంటడో తెల్సు గదా. ఆ మామ ఎట్లంటడో గూడ తెల్సు."

అప్పుడు కూడా నేను చేయాల్సిన పని చేయలేదు. కిందికి పరుగెత్తి, పెద్దనాన్న చేతిలోని ఫోను లాక్కుని, విఠల్‌రావు గారికి ఒక మిస్డ్ కాల్ ఇవ్వబోయాను. 'మేము సిద్ధం' అని గుర్తు చేసినట్టు ఉంటుందని. అసలు ఒప్పందంలో మనది తీసుకునే కొస. ఇచ్చే కొస కాదు. సొంత రుజువును మొదట తుంగలో తొక్కినవాణ్ని నేనే. కానీ ఒక్క రింగులో కట్ చేసేలోపే అవతల ఎత్తేశారు.

"హలో!"

నేను కంగారుపడ్డాను. "అంకుల్, ఎత్తొద్దు!"

"ఏంది?"

"ఫోన్ ఎత్తొద్దు అంకుల్! అది మిస్డ్ కాల్!"

"నా ఫోన్ నేను ఎత్తొద్దా?"

"ఎత్తితే పాడైతది అంకుల్, ఒక్కసారే వాడాలె. మళ్ల చేస్త," అని పెట్టేశాను. మళ్లీ చేశాను. ఈసారి రింగు కూడా పూర్తి కాకుండానే ఎత్తారు.

"ఎవడ్రా నువ్వు? పెళ్లికొడుకు మేనమామ మొఖం మీద ఫోన్ పెట్టేస్తవా?"

"పెట్టేసుడే పద్ధతి అంకుల్," అని మళ్లీ పెట్టేశాను.

దీని తర్వాత విడిదిలో విఠల్‌రావు గారు లేచి నిలబడి, "కారు తియ్యుండ్రి. కవాడిగూడ పోతున్నం," అన్నారట. బూట్లు లేకుండానే. చుట్టాలు కొందరు లేచారు, కొందరు లేచినట్టు నటించారు. శ్రీకాంత్ బావ ముఖం బాసికం కింద తెల్లబోయింది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. నా పదకొండు పేజీల్లో లేని తీగ ఇంకొకటి ఉంది. అది నిశ్చితార్థం నుంచీ ఉంది. రోజూ పని చేస్తోంది. ఎవరికీ తెలియదు. అక్క పట్టుచీర కుచ్చిళ్ల మడతలోంచి చిన్న ఫోను తీసి, చెవిన పెట్టుకుంది. నేను అప్పటికి మళ్లీ పైకి వచ్చి గుమ్మంలో రొప్పుతున్నాను.

"ఏడున్నవ్?"

అవతలి గొంతు గదంతా వినిపించింది. "ఇక్కడనే ఉన్న సునీతా. మీరు ఎప్పుడు పిలుస్తరా అని కూసున్న. మామ కారు తీయమంటున్నడు."

"మీరు ఎప్పుడు కొడ్తరా అని మేం కూసున్నం."

"మేమెందుకు కొడ్తం? మీరు గదా కొట్టాల్సింది?"

నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను.

"నువ్వు లేచి నడువు," అంది అక్క.

"ఎట్ల? ఎదురుకోలు కాకుంట?"

"ఎదురుకోలుకు నేనే వస్త."

పెళ్లికూతురు ఎదురుకోలుకు వెళ్లడం మా వంశంలో ఎవరూ వినలేదు. అక్క ఒళ్లోని పూలగంప నా చేతిలో పెట్టి, చీర కొంచెం ఎత్తిపట్టుకుని మెట్లు దిగింది. గోడకు ఒరిగి నిద్రపోతున్న చుట్టాలు కళ్లు తెరిచేసరికి ఆమె గేటు దాటేసింది. బ్యాండు మాస్టరు ఆమెను చూసి, ఏమనుకున్నాడో ఏమో, అన్నాళ్లూ దాచుకున్న పాటేదో మొదలుపెట్టాడు. క్లారినెట్ ఆయన పూర్తిగా మేల్కొన్నాడు.

ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కలలోదేననిపిస్తుంది. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద మిట్టమధ్యాహ్నానికి కాస్త ముందటి ఎండ. ఎరుపు అంచు తెల్ల పట్టుచీరలో అక్క నడుస్తోంది. సగం జడ నుంచి మల్లెలు ఒక్కొక్కటే రోడ్డు మీద రాలుతున్నాయి. ఆటోలు ఆగాయి. బస్సు ఆగింది, డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టి కొట్టడం మరిచిపోయాడు. అటునుంచి, నారాయణగూడ వైపు నుంచి, శ్రీకాంత్ బావ ఒక్కడే నడిచి వస్తున్నాడు. బాసికం పక్కకు జరిగింది. ఇద్దరూ దగ్గరవుతున్నారు. నీళ్ల అడుగున నడుస్తున్నట్టు, ఏ తొందరా లేకుండా, ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్న లెక్కే లేకుండా. వాళ్ల వెనకాల రెండు కుటుంబాలు చెరోవైపు నుంచి ఆయాసపడుతూ, దండలు ఊపుకుంటూ, పానకం ఒలకబోసుకుంటూ పరుగెత్తుకొస్తున్నాయి. వాటిలో ఒక కుటుంబానికి ముందు బూట్లు లేని మేనమామ.

రోడ్డు మధ్యలో అందరూ కలిశారు. బాజాలు ఆగాయి.

"మీరు పిలువలే!" అన్నారు విఠల్‌రావు గారు.

"మీరు కొట్టలే!" అన్నాడు పెద్దనాన్న.

"మీరు తయారు కాగానే కొట్టాలె! మీ పిల్లగాడే పంపిండు, ఇగో!"

"మీరు తయారు కాగానే కొట్టాలె! నాకు గూడ పంపిండు, ఇగో!"

రెండు ఫోన్లు పక్కపక్కన ఎండలో మెరిశాయి. రెండింటిలోనూ ఒకటే మెసేజ్. అక్షరం తేడా లేదు, చుక్క తేడా లేదు. ఎవరు ఇవ్వాలో లేదు, ఎవరు తీసుకోవాలో లేదు. మన భాషలో వాక్యానికి కర్త లేకున్నా హాయిగా నడుస్తుంది కదా. ఆ హాయిలో నేను రెండు కొసలకూ ఒకటే కొస ఇచ్చాను. తిరగేయడం మరిచిపోయాను. పదకొండు పేజీలనిండా తిరగేయడం గురించే రాసినవాణ్ని.

ఇద్దరు పెద్దలూ ఫోన్లలోంచి తలలెత్తి మెల్లగా నా వైపు తిరిగారు. సంబంధం కుదిరిన నాటి నుంచి ఆ రెండు కుటుంబాలు మొట్టమొదటిసారి ఒక మాట మీదికి వచ్చాయి. ఆ మాట నేను.

"వీడేనా మొఖం మీద ఫోన్ పెట్టింది?" అడిగారు విఠల్‌రావు గారు.

"వీడే," అన్నాడు పెద్దనాన్న, దాదాపు ఆప్యాయంగా. "ఇంట్ల గూడ గిట్లనే ఉంటడు బావగారూ."

"మాకూ ఒకడున్నడు లెండి. ఇట్లనే చదువుతనే ఉంటడు." ఆయన పానకం గ్లాసు అందుకున్నారు. "మీఠా రెండు పెట్టిన్రా?"

"రెండు పెట్టినం."

"ఒకటి చాలు గద."

"నేను ఆ రోజు అన్నది గదే!"

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని హాలు వైపు నడిచారు. పంతులుగారు మంత్రాలను దాదాపు పరుగులో చదివి, వర్జ్యం గుమ్మంలో కాలు పెట్టేలోపు తాళి కట్టించారు. పూలజడ సగంతోనే పెళ్లయింది. ఆ ఫోటోల్లో అక్క ఎంత అందంగా ఉంటుందంటే, తర్వాత మా ఇంట్లో ఇంకో ఇద్దరు ఆడపిల్లలు జడ సగమే వేయించుకుని పెళ్లి చేసుకున్నారు.

గైడ్ మేడానికి ఉదాహరణ చెప్పాను. అంతా విని, కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, "ఇది థీసిస్‌లో రాయకు," అన్నారు.

కానీ అది తర్వాత సంగతి. ఆ మధ్యాహ్నం భోజనాల సందడి తగ్గాక, కొత్త దంపతులు మండపం పక్కన దివాను మీద కూర్చుని ఉన్నారు. ఇంకా సన్నగా పొగ లేస్తున్న హోమగుండం దగ్గరికి వెళ్లాను. ఎడమ చేతిలో పూలగంప ఇంకా ఉంది, ఎవరూ తీసుకోలేదు. కుడి చెయ్యి చాపాను.

"సునీతక్కా, శ్రీకాంత్ బావా," అన్నాను గద్గదంగా. "ఈ అగ్నిహోత్రుడి సాక్షిగా, మీ ఇద్దరి సాక్షిగా ప్రమాణం చేస్తున్న. ఇకమీదట ప్రోగ్రాములు మాట్లాడుకుంటే రుజువు చేస్త. మనుషులు మాట్లాడుకుంటే పక్కకు జరుగుత. ఒకటే మెసేజ్ ఇద్దరికి పంప. మిస్డ్ కాల్ జోలికి పోను. ఏ ఇద్దరు మనుషుల నడుమా, ఏ తీగ మీదా, ఈ జన్మల మళ్ల నిలబడ."

శ్రీకాంత్ బావ కళ్లు నిజంగానే చెమర్చాయి. పొగవల్ల కూడా కావచ్చు.

సునీతక్క ఖుర్బానీ కా మీఠా గిన్నె కింద పెట్టి, చెంచా నాకి, నా వైపు చూసింది.

"నిన్ను నడుమ నిలబడుమన్నది ఎవడు రా?"